బొమ్మ నడుము మీద ఉన్నది పుట్టిన సంవత్సరం కాదు

సంపాదకులకు నమస్కారం.

మొన్నటి ఆదివారం అనుబంధంలో బొమ్మలు సేకరించే పెద్దవాళ్ళ గురించి మీరు వేసిన వ్యాసం చదివాను. ముందుగా ఒక సవరణ. ఫొటో కింద ‘1966 నాటి అరుదైన బార్బీ’ అని రాశారు. కాదండీ. పళ్ళు కనిపించేలా విశాలంగా నవ్వుతున్న ఆ ముఖం 1977లో ‘సూపర్‌స్టార్’ బార్బీతో వచ్చింది. మీ విలేకరికి 1966 ఎక్కడ దొరికిందో కూడా చెప్పగలను. బొమ్మను తిప్పి నడుము కింద చూసి ఉంటారు. అక్కడ మాటెల్ కంపెనీ పేరు పక్కన ఆ అంకె అచ్చై ఉంటుంది. అది ఆ శరీరపు అచ్చుకు వేసుకున్న కాపీరైట్ సంవత్సరం. నడుము తిరిగే ఆ ఒంటితో బార్బీ 1967లో అమ్మకానికొచ్చింది. ఆ తర్వాత దశాబ్దాల పాటు తయారైన రకరకాల బొమ్మల మీద అదే అంకె కొనసాగింది. తల మీద వేరే సంవత్సరం ఉంటుంది. ఆ ముఖానికైతే 1976. అదీ తయారైన ఏడాది కాదు. బొమ్మ వయసు తేల్చాలంటే తల, ఒళ్ళు, ఏ దేశంలో చేశారన్న ముద్ర, కళ్ళకు వేసిన రంగు, జుట్టు నాటిన తీరు అన్నీ కలిపి చూడాలి.

ఈ సంగతి నాకు ఏ కంపెనీ చెప్పలేదు, పెట్టె మీద రాసీ లేదు. ఇంటర్నెట్‌లో సేకర్తలు చర్చించుకునే ఫోరంలో ఒకావిడ చెప్పింది. ఆవిడ అసలు పేరు నాకు ఇప్పటికీ తెలియదు. ఆవిడ ఫొటో ఉండాల్సిన చోట ఒక పింగాణీ బొమ్మ చెవి ఉండేది, అంతే. నేను ముఖం ఫొటో పెట్టి ‘ఇది ఏ కాలం నాటిది?’ అని అడిగితే, జవాబు చెప్పకుండా ‘నడుము మీద దేశం పేరు ఏముంది?’ అని ఎదురు ప్రశ్న వేసింది. చెప్పాను. ‘మెడ దగ్గర జుట్టు పక్కకు తీసి ఇంకో ఫొటో పెట్టండి’ అంది. పెట్టాను. అప్పుడు నాలుగు ముక్కల్లో తేల్చేసింది. నేను కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరైన దాన్ని. ప్రాక్టికల్స్‌లో తెలియని లవణాన్ని పట్టుకోమని పిల్లలకు ఇచ్చి, వాళ్ళు అడ్డదారిన పేరు అడిగితే ‘ముందు రంగు చెప్పు, తర్వాత వాసన చెప్పు’ అనేదాన్ని. ఆ ప్రశ్నలు నా మీదికే వచ్చేసరికి చాలా సంతోషం వేసింది.

మీ వ్యాసం మీద నా అసలు అభ్యంతరం ఫొటో గురించి కాదు. ‘బొమ్మలే తోడుగా బతుకుతున్న ఒంటరి మనుషులు’ అన్నారు. ఒంటరివాళ్ళు అన్ని చోట్లా ఉంటారు, మాలోనూ ఉన్నారు. అయితే ఈ పని ఒంటరిగా చేయడం సాధ్యం కాదు. పాత బొమ్మను ఒక్కరే కొనగలరు, అది ఏమిటో ఒక్కరే తెలుసుకోలేరు. విగ్గు అసలుదా మార్చిందా, గౌను ఆ బొమ్మతో వచ్చిందా లేక పక్క బొమ్మది తెచ్చి తొడిగారా, ఇలాంటివి వందల బొమ్మలు చేతిలో పట్టుకున్నవాళ్ళకు తెలుస్తాయి. అన్ని బొమ్మలు ఏ ఒక్కరి చేతిలోనూ పడవు. అందుకే గుంపు.

ఇది ఇంటర్నెట్‌తో మొదలైంది కూడా కాదు. 1905లో ఫ్రాన్స్‌లో ‘లా సెమెన్ ద సుజెట్’ అని ఆడపిల్లల వారపత్రిక ఒకటి మొదలైంది. చందా కట్టినవాళ్ళకు బ్లూయెట్ అనే బొమ్మ ఇచ్చారు. మొదట్లో ఇరవయ్యేడు సెంటీమీటర్ల ఎత్తు. తర్వాత పత్రికలో ఆ బొమ్మ కొలతలకు సరిపోయే బట్టల కత్తిరింపు నమూనాలు వేస్తూ పోయారు. 1960 దాకా నడిచింది. ఒకరి ముఖం ఒకరు చూడని పిల్లలు అదే కొలత బొమ్మకు అదే కోటు కుట్టుకుంటూ పెరిగారు. ఆ నమూనాలతో బ్లూయెట్‌కు ఇప్పటికీ బట్టలు కుడుతున్న పెద్దవాళ్ళున్నారు. వాళ్ళ చర్చల్లో చంక దగ్గర అర సెంటీమీటరు గురించి సాగే వాదన చూస్తే మీకు ఒంటరితనం అన్న మాట మళ్ళీ గుర్తుకు రాదు.

అమెరికాలో కొన్ని బొమ్మల క్లబ్బులు కలిసి 1949లో యునైటెడ్ ఫెడరేషన్ ఆఫ్ డాల్ క్లబ్స్‌గా ఏర్పడ్డాయి. దాని కార్యాలయం మిస్సోరీ రాష్ట్రంలోని కాన్సస్ సిటీలో ఉంది. ఏటా మహాసభ పెడతారు. బార్బీ సేకర్తల జాతీయ కన్వెన్షన్ మొదటిసారి 1980లో న్యూయార్క్‌లో జరిగింది. బార్బీని 1959 మార్చి 9న ప్రపంచానికి చూపించిందీ ఆ ఊళ్ళోని బొమ్మల ప్రదర్శనలోనే. జపాన్‌లో వోల్క్స్ కంపెనీ 1999లో సూపర్ డాల్ఫీ అనే పెద్ద కీళ్ళ బొమ్మను తెచ్చి, వాటి కోసం ‘డాల్స్ పార్టీ’ పేరుతో సంతలే నడుపుతోంది. ఆ బొమ్మలు రెజిన్‌తో, అంటే పోత పోసిన గట్టి ప్లాస్టిక్‌తో చేసినవి. లోపల ఎలాస్టిక్ తాడు లాగి కీళ్ళను పట్టి ఉంచుతుంది.

గుంపుకి ఎంత బలముందో చూడాలంటే బ్లైత్ కథ చాలు. తల పెద్దది, ఒళ్ళు చిన్నది, వెనక తాడు లాగితే కళ్ళ రంగు నాలుగు రకాలుగా మారుతుంది. 1972లో కెనర్ కంపెనీ అమ్మింది, పిల్లలు పట్టించుకోలేదు, ఏడాదికే ఆపేశారు. పాతికేళ్ళ పైచిలుకు ఆ బొమ్మ అటకల మీద పడి ఉంది. జీనా గారన్ అనే అమెరికన్ తన బ్లైత్‌ను వెంటబెట్టుకు తిరుగుతూ ఫొటోలు తీసి 2000లో పుస్తకంగా వేసింది. అదే ఏడాది జపాన్‌లో పార్కో అనే డిపార్ట్‌మెంట్ స్టోర్ ప్రకటనల్లో బ్లైత్ కనిపించింది. 2001లో తకారా కంపెనీ మళ్ళీ తయారు చేసింది. ఇప్పుడు వాటి కోసం అభిమానులే ‘బ్లైత్‌కాన్’ పేరుతో సమావేశాలు పెట్టుకుంటున్నారు. కళ్ళ చిప్పలు మార్చడం, ముఖం గీకి కొత్త రంగు వేయడం, తాడు చివర పూసలు కట్టడం ఇవన్నీ వాళ్ళు ఒకరికొకరు నేర్పుకున్న పనులే. కంపెనీ ఏ కాగితం మీదా ఇవి రాయలేదు.

ఇక నాకు బాగా తెలిసిన విషయానికి వస్తాను. పాత బార్బీలకు చెవి పచ్చబడే జబ్బు ఉంది. చెవిపోగు లోహంలోని రాగి ఏళ్ళ తరబడి తుప్పు పట్టి, బొమ్మ తల చేసిన వినైల్ ప్లాస్టిక్‌ను మెత్తగా ఉంచడానికి కలిపిన ప్లాస్టిసైజర్‌తో కలిసి లోపలికి దిగుతుంది. పైన అంటుకున్న మరకైతే తుడిస్తే పోయేది, ఇది ఒంట్లోకి ఇంకిన రంగు. మొటిమలకు రాసే క్రీము, అంటే బెంజాయిల్ పెరాక్సైడ్ ఉన్నది, పచ్చటి చోట రాసి ఎండలో పెడితే రంగు విరుగుతుందని సేకర్తలు కనిపెట్టారు. ఇది ఏ ల్యాబులోనూ పుట్టలేదు. ఎవరో ప్రయత్నించారు, ఫోరంలో రాశారు, ఇంకెవరో ఇంకో బొమ్మ మీద చేసి చూశారు.

నన్ను కట్టిపడేసింది ఆ చిట్కా కాదు, దాని కింద ఏళ్ళ తరబడి సాగిన థ్రెడ్, అంటే వరస జవాబుల చర్చ. మొదటి పేజీ అంతా సంబరం. పచ్చ పోయింది, ఇదిగో ముందు ఫొటో, ఇదిగో తర్వాత ఫొటో. చాలా కాలం తర్వాత అదే మనిషి అదే థ్రెడ్‌కి తిరిగొచ్చి రాసింది, ‘మచ్చ పోయిన చోట ఇప్పుడు చర్మం తెల్లగా పాలిపోయింది, కొంచెం మాత్రమే రాయండి, తరచూ చూసుకోండి’ అని. దాని కింద ఇంకొకరు: ‘నాది పాలిపోలేదు, కానీ పచ్చ తిరిగొచ్చింది.’ ఇంకొకరు: ‘చెవిపోగు తీయకుండా చేసి ఉంటారు, ముందు పోగు తీయండి.’ పెరాక్సైడ్ రంగును విరగ్గొడుతుందంటే పచ్చ మచ్చకూ బొమ్మ మామూలు రంగుకూ తేడా చూడదు కదా, అది రసాయనం తెలిసినవాళ్ళు ఊహించగలిగిందే. కానీ ఎన్నాళ్ళకు, ఏ రకం వినైల్ మీద, ఎంత ఎండకు అన్నది ఊహతో తేలదు. దానికి ఓపికగా తిరిగొచ్చి రాసే మనిషి కావాలి. నా విద్యార్థుల రికార్డు పుస్తకాల్లో ప్రయోగాలన్నీ మొదటిసారికే సఫలమయ్యేవి. ఇక్కడ విఫలమైన సంగతి తేదీతో సహా రాసి ఉంది.

ఇప్పుడు ఆ థ్రెడ్‌లో మాటలున్నాయి, ఫొటోలు లేవు. 2017లో ఒక పెద్ద ఫొటోల సైటు నిబంధనలు మార్చేసరికి, దాంట్లో దాచి ఫోరాల్లో చూపించుకుంటున్న బొమ్మల ఫొటోలు ఎక్కడికక్కడ మాయమయ్యాయి. ‘కింద ఫొటోలో బాణం గుర్తు చూడండి’ అని ఉంటుంది, కింద బూడిద రంగు గడి ఉంటుంది. అంతకు ముందు, ఎవరైనా సొంత పేజీలు పెట్టుకోగలిగిన జియోసిటీస్ అనే సైటు 2009లో మూతపడినప్పుడు సేకర్తలు సొంతంగా పెట్టుకున్న పేజీలు ఎన్నో దాంతో పోయాయి. యాహూ గ్రూపుల్లో ఏళ్ళ తరబడి పోగుపడిన పాత ఉత్తరాలు, ఫైళ్ళు 2019 చివర తొలగించడం మొదలుపెట్టి, 2020 డిసెంబరులో సేవనే ఎత్తేశారు. ఏ బొమ్మ అచ్చు ఏ సంవత్సరానిదో గీసిన పట్టికలు, ఎవరో కష్టపడి కొలిచి గీసిన బట్టల నమూనాలు, బొమ్మను నలుపు తెలుపులో స్కాన్ చేసిన కేటలాగు పేజీలు అలాంటి చోట్లే ఉండేవి.

ఇప్పుడంతా ఫోన్‌లో గ్రూపులకు చేరింది. అక్కడ చురుకుదనం ఎక్కువ, జ్ఞాపకశక్తి తక్కువ. పొద్దున ఒకరు ‘నా బొమ్మ 1966 నాటిదేనా?’ అని అడుగుతారు, మధ్యాహ్నానికి జవాబు పైకి జరిగిపోతుంది, సాయంత్రం ఇంకొకరు అదే అడుగుతారు. జవాబు చెప్పే పెద్దవాళ్ళు విసుగొచ్చి ఒక ఎమోజీ పెట్టి ఊరుకుంటున్నారు. ‘మీరంతా కొత్తవాళ్ళను చిన్నచూపు చూస్తారు’ అని అడిగినవాళ్ళ ఫిర్యాదు. ఇద్దరి మాటా నిజమే. పాత ఫోరంలో ‘ముందు వెతుకు, తర్వాత అడుగు’ అని కసురుకునేవాళ్ళు ఉండేవారు, వాళ్ళ మీద నాకు కోపమూ ఉండేది. కానీ అప్పుడు వెతికితే దొరికేది.

కన్వెన్షన్ల సంగతి వేరు. అక్కడికి వెళ్ళేది కొనడానికే అని మీ వ్యాసం అనుకుంది. కొంటారు, కాదనను. హోటల్ గదుల్లో మంచం మీద దుప్పటి పరిచి బొమ్మలు పెట్టి, తలుపు తీసి ఉంచి రాత్రి పొద్దుపోయేదాకా అమ్ముకుంటారు. అది బార్బీ కన్వెన్షన్లలో ఆనవాయితీ. నడవంతా జనం. కానీ ఫోరంలో నేర్చుకోలేనిది అక్కడ నేర్చుకుంటారు. పింగాణీ తలను కొనేముందు విగ్గు మెల్లగా ఎత్తి తల లోపల చిన్న టార్చి లైటు పెట్టి చూస్తారు. బయటికి నున్నగా కనిపించే చెంప మీద వెంట్రుకంత పగులు వెలుతురులో నల్లటి గీతలా తేలుతుంది. ఎలా పట్టుకోవాలి, లైటు ఏ కోణంలో పెట్టాలి, పగులుకీ అచ్చు అతుకుకీ తేడా ఏమిటి ఇవి పక్కన నిలబడి చూసినవాళ్ళకే పట్టుబడతాయి. కాంపొజిషన్ బొమ్మలు, అంటే రంపపు పొట్టు, జిగురు కలిపి చేసినవి, తేమకు ఉబ్బి పైపూత పగుళ్ళిస్తాయి. ఆ పగుళ్ళను వేలి కొసతో తాకితే తెలిసే గరుకుదనం ఫొటోలో రాదు.

రెజిన్ బొమ్మల సమావేశంలో ఒక బల్ల దగ్గర కాసేపు కూర్చున్నాను. పద్దెనిమిదేళ్ళ కుర్రాడు తన బొమ్మను రెండు చేతులా ఎత్తుకొచ్చాడు. మోకాలు నిలవడం లేదు, కూర్చోబెడితే తన్నేస్తోంది. ఎదుట కూర్చున్న పెద్దాయన తల మెల్లగా పైకి లాగి, మెడ దగ్గర బయటికొచ్చిన ఎలాస్టిక్ ఉచ్చులో ఒక పెన్సిలు దూర్చాడు. పెన్సిలు మెడ గుంత మీద అడ్డంగా కూర్చుంది, ఎలాస్టిక్ లోపలికి జారిపోలేదు. కొక్కెం విప్పి తల పక్కన పెట్టాడు. పాదాలు విడదీశాడు. ఎలాస్టిక్ వదులైందని కుర్రాడు అనుకున్నాడు. పెద్దాయన మోకాలి గుంతలో వేలు పెట్టి చూసి, లేదు, నున్నగా అరిగింది అన్నాడు. పలచని తోలు ముక్క గుండ్రంగా కత్తిరించి, మధ్యలో తాడు పోయేందుకు చీలిక పెట్టి గుంతలో అంటించాడు. తర్వాత కొక్కెం ఉన్న తీగతో ఎలాస్టిక్‌ను పట్టి లాగమని కుర్రాడికే ఇచ్చాడు. ‘నేను లాగితే నువ్వు నేర్చుకోవు. వదిలెయ్యకు, వేళ్ళు నలుగుతాయి’ అన్నాడు. రెండుసార్లు జారింది. బొమ్మ చివరికి కాలు మీద కాలు వేసుకుని కూర్చుంది. వాళ్ళిద్దరూ ఆన్‌లైన్‌లో అంతకు ముందు దెబ్బలాడుకున్నవాళ్ళని తర్వాత తెలిసింది.

ఆ దెబ్బలాటల సంగతీ చెప్పాలి. శిల్పి చేసిన బొమ్మకు దొంగ అచ్చు తీసి తక్కువ ధరకు అమ్మే ‘రీకాస్ట్’ బొమ్మల మీద రెజిన్ సేకర్తలు రెండు ముక్కలయ్యారు. కొన్ని ఫోరాల్లో వాటి ఊసే ఎత్తనివ్వరు, కొన్ని సమావేశాల్లో బల్ల మీదికి రానివ్వరు. డబ్బు లేనివాళ్ళు బొమ్మలు కోరుకోకూడదా అని అవతలి వర్గం. నేను శిల్పుల పక్షం. చాలా చోట్ల ఆ బొమ్మలు ఇద్దరు ముగ్గురు కూర్చుని చేతితో చేసేవి. నాలుగు దొంగ అచ్చులు వాళ్ళ అడ్డా మూయించగలవు. అయితే రీకాస్ట్ కొన్న పిల్లను అందరి ముందు నిలదీసి ఏడిపించడం చూశాను, అది మాత్రం అసహ్యం. పెట్టె విప్పని బొమ్మలే బొమ్మలనే వర్గం మీద నాకు ఇంకో రకం చిరాకు. వినైల్ పెట్టెలో ఉన్నా ముసలిదవుతుంది, రబ్బరు బ్యాండు జుట్టుకు కరుచుకుంటుంది. పెట్టె విప్పనంత మాత్రాన కాలం ఆగదు.

దెబ్బలాడుకుంటూనే నమ్మకం కూడా ఈ గుంపులే కట్టాయి. ముక్కూ మొహం తెలియనివాళ్ళకు డబ్బు ముందు పంపి బొమ్మ కోసం ఎదురుచూడటం మామూలు ధైర్యం కాదు. అందుకే ఫోరాల్లో ఎవరితో బేరం ఎలా సాగిందో రాసే చిట్టాలు పెట్టుకున్నారు. ఆలస్యం చేసినవాళ్ళు, పగిలిన సంగతి దాచినవాళ్ళు అందులో ఉంటారు. ఒకరికి తల నచ్చి, ఇంకొకరికి ఒళ్ళు నచ్చితే ఇద్దరూ కలిసి ఒక బొమ్మ కొని పంచుకుంటారు. కొందరు అమ్మకందార్లు వాయిదాల్లో కట్టమంటారు, చివరి వాయిదా అందేదాకా బొమ్మను తమ దగ్గరే ఉంచుతారు. ఇవన్నీ ఏ సంస్థా రాసిచ్చిన నిబంధనలు కావు.

మీ వ్యాసం చివర ‘వీళ్ళ తర్వాత ఈ బొమ్మలన్నీ ఏమవుతాయి?’ అని అడిగారు. మంచి ప్రశ్న, కొంచెం వెటకారంగా అడిగినా. సేకర్త పోయాక ఇంట్లోవాళ్ళకు అవి ఏమిటో తెలియదు. మొదట తలుపు తట్టిన వ్యాపారి అన్నీ కలిపి ఒక్క బేరానికి ఎత్తుకుపోతాడు. తీసేటప్పుడు గౌన్లు ఒకచోట, బూట్లు ఒకచోట వేస్తాడు. ఒక బొమ్మ తన బూట్ల నుంచి విడిపోతే మళ్ళీ కలవదు. మా గుంపులో ఇది జరగకుండా కొందరు ఆ ఇళ్ళకు వెళ్ళి సాయం చేస్తున్నారు. బొమ్మలకు చీటీలు కట్టి, ఏది ఏదో రాసి, ఎవరికి అమ్మాలో, మ్యూజియానికి ఇవ్వదగ్గది ఏదో కుటుంబానికి చెబుతారు. ప్రతిఫలం తీసుకోరు. ఒక బొమ్మ మాత్రం ‘గుర్తుగా’ అడిగి తీసుకుంటారు, అది న్యాయమే.

నావి కార్డుల మీద రాసి పెట్టాను. పాత ల్యాబు రికార్డుల అలవాటు. తల ముద్ర, ఒంటి ముద్ర, దేశం, ఏ గౌను దాని సొంతం, ఏది నేను తర్వాత కుట్టింది, ఏ చెవికి క్రీము ఎప్పుడు రాశాను, ఎలా మారింది. వాటి స్కాన్లు ముగ్గురు మిత్రుల దగ్గర ఉన్నాయి, ఒక్క సైటు మీద ఆధారపడకుండా. పాత ఫోరాల పేజీలు అచ్చు తీసి దాచుకున్నవాళ్ళు మీ పాఠకుల్లో ఉంటే వాటినీ అలాగే రెండు మూడు చోట్ల పెట్టమని కోరుతున్నాను. మా పిల్లలకు ఒక్కటే చెప్పాను. కొనడానికి ఎవరొచ్చినా కార్డుల పెట్టె ముందు పెట్టండి, అతను కార్డులు చదవకుండా ధర చెప్తే తలుపు వేసేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత కెమిస్ట్రీ లెక్చరర్